ఇసకమెట్టు పిలుపు

పట్టీని మంచినీళ్లలో మళ్లీ జాడిస్తున్నాను. చెమట ఉప్పు ఇంకా వదలడం లేదు. సబ్బు వాడకూడదని అప్ప, మా అక్క, చెప్పింది. పిండకూడదు, ఎండలో వెయ్యకూడదు. అందుకని పసిబిడ్డ ఒళ్లు తుడిచినట్టు రెండు అరచేతుల మధ్య మెత్తగా ఒత్తి, వసారాలో వల ఆరేసే తాడు మీద నీడ పట్టున వేశాను.

"మీ అయ్య పెళ్లి సొక్కాకి కూడా ఇంత సాకిరీ జరగలేదే," అంది అమ్మ, గుమ్మంలో కూర్చుని రొయ్యలు వలుస్తూ. "ఆ గుడ్డముక్క సేసుకున్న అదృష్టం నా కోక సేసుకోలేదు."

"గుడ్డముక్క కాదమ్మా అది."

"మరేటి, బంగారమేటి?"

బంగారం కాదు గానీ అంతకంటే ఖరీదైనదని అప్ప చెప్పింది. నాలుగు వేళ్ల వెడల్పు, బూడిద రంగు, లోపలి వైపు వెంట్రుక కన్నా సన్నని తీగలు. ఆట ఉన్న రోజు అయ్య దాన్ని చొక్కా లోపల, పక్కటెముకల మీద కట్టుకుని స్టేడియానికి వెళ్తాడు. ఇంటికొచ్చాక విప్పి నా చేతికిస్తాడు. అది వెచ్చగా ఉంటుంది.

మా అయ్య ఎల్లాజీ ఇసకపేటలో పిలిచేవాడు, అంటే వల లాగేవాళ్లకి పిలుపు ఇచ్చే మనిషి. తీరం మీద పెద్దవల లాగేటప్పుడు తాడుకి రెండు వైపులా జనం నిలబడతారు. వెనక్కి వెళ్లిన నీరు మళ్లీ ముందుకి రాబోయే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. సరిగ్గా ఆ క్షణంలో పిలుపు పడాలి. "ఎవరి తాడో" అని అయ్య పిలుస్తాడు. "మన తాడో" అని అందరూ ఒక్కసారి లాగుతారు. అల కూడా వాళ్లతో కలిసి వలని ఒడ్డుకి తోస్తుంది. పిలుపు కాస్త ముందు పడినా, కాస్త వెనక పడినా, సముద్రమే మనుషుల్ని లాగేస్తుంది.

పిలిచేవాణ్ణి ఎవరూ ఎన్నుకోరు. ఎవరి పిలుపుకి జనం బదులిస్తే వాడే పిలిచేవాడు. అయ్య పిలుపుకి నేను పుట్టక ముందు నుంచీ బదులిస్తున్నారు.

ఇంకొకటి కూడా ఉంది మా పేటలో. పిలుపు వస్తే బదులియ్యకుండా ఉండరు. మంచు పట్టిన పొద్దున సముద్రం మీద పడవకి పడవ కనబడదు, పిలుపొక్కటే దారి. బదులు రాలేదంటే అవతల మనిషి లేడని అర్థం. అందుకే మాకు మాటలతో పాటే "ఓ" అనడం నేర్పుతారు. అమ్మకి అయ్య మీద కోపం వచ్చి రోజుల తరబడి మాట్లాడకపోయినా, ఆయన "ఒలే" అని పిలిస్తే "ఓ" అంటుంది. అనేసి, మళ్లీ మొహం తిప్పుకుంటుంది.

*

ఇసకపేట వెనకాలే ఫుట్‌బాల్ మైదానం ఉంది. రేవు జట్టుది. దాని తూర్పు వైపు మా చిన్నప్పుడు వట్టి ఇసక దిబ్బ. వల లాగి, చేపలు పంచుకుని, మగాళ్లూ ఆడాళ్లూ తడిబట్టలతోనే వెళ్లి ఆ దిబ్బ మీద నిలబడేవారు. దాన్నే ఇసకమెట్టు అనేవారు. అక్కడ కూడా అయ్యే పిలిచేవాడు. ఆటలో రూల్సు ఆయనకి ఇప్పటికీ తెలీవు. "ఆఫ్‌సైడు అంటే ఏటి బావా?" అని పక్కింటి దానయ్య మావ ఉడికిస్తే, "నీకు సెప్పినా ఎక్కదు," అని తప్పించుకుంటాడు. కానీ బంతి అవతలి జట్టు కాళ్ల నుంచి మన వాళ్ల కాళ్లకి మళ్లబోయే క్షణం ఆయనకి తెలుస్తుంది. అప్పుడు పిలుస్తాడు. దిబ్బంతా బదులిస్తుంది. మైదానంలో ఆటగాళ్ల నడకే మారిపోతుంది.

తరవాత జట్టుని ఒక కంపెనీ కొనుక్కుంది. దిబ్బ మీద సిమెంటు మెట్లు వచ్చాయి, మెట్ల మీద కుర్చీలు వచ్చాయి. టిక్కెట్టు ఏటేటా పెరిగింది. గంపెడు చేపలు అమ్మితే ఒక ఆట చూడొచ్చు అనే దాకా వచ్చింది. మా వాళ్లు మేడల మీదకెక్కి చప్పుడు వినడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకి వినడానికి చప్పుడు కూడా లేదు. లోపలికి వెళ్లే వాళ్లు గోల్ పడితే ముందు ఫోన్ ఎత్తేవారు, ఆ తరవాతే గొంతు. కంపెనీ వాళ్లు స్తంభాలకి మైకులు కట్టి పాత కేకలు వినిపించారు. ఎవరికీ ఏమీ అనిపించలేదు. అంత డబ్బు పోసి వచ్చిన వాళ్లు కూడా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నట్టే ఉందని గొణుక్కున్నారట.

మా అప్ప సన్యాసమ్మ ఆ స్టేడియం కిందే ఉన్న ప్రయోగశాలలో పని చేస్తుంది. నాకన్నా ఆరేళ్లు పెద్దది. ఇద్దరం పేట బడిలోనే చదివాం. నేను అక్కడితో ఆగాను, అది పట్నం వెళ్లి చదివింది. ప్రయోగశాలలో దాన్ని సన్యా అంటారు. అప్పే ఒకరోజు పట్టీని కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చింది.

"కేకకి ముందు ఊపిరి ఉంటాది కదా అయ్యా," అంది. "జనానికి ఒళ్లు జలదరించేది కేకకి కాదు, ఆ ఊపిరికి. పక్కనున్న మనిషి ఊపిరి బిగబడితే మనకి తెలియకండానే మనదీ బిగబడతాది. మైకులో ఆ ఊపిరి రాదు. ఇదిగో, ఈ పట్టీ నీ ఊపిరిని కుర్చీలన్నిటికీ పంపిస్తాది. కుర్చీ వీపు పలక కదులుతాది. అవతలి గట్టున కూర్చున్నోడికి కూడా నీ పక్కన నిలబడినట్టే ఉంటాది."

అయ్య పట్టీని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నన్నేటి సేస్తాది ఇది?"

"నిన్నేటీ సెయ్యదు. ఇంటాది, అంతే."

"ఇనడమేనా?"

"ఇనడమే." అప్ప పట్టీని ఆయన చేతిలోంచి తీసుకుని చాప మీద పరిచింది. అది సాపుగానే ఉంది. అయినా అరచేత్తో మళ్లీ మళ్లీ సాపు చేసింది. "జనం మళ్లీ వస్తారయ్యా. ఇసకమెట్టు మన పేటకే ఒగ్గీస్తారంట, పాత ధరకే. విహారి గారు మాటిచ్చినారు."

"ఆ బాబెవడో నాకు తెలీదు. నువ్వు సెప్తున్నావు కదా," అన్నాడు అయ్య, చొక్కా విప్పుతూ.

*

ప్రయోగశాలకి అయ్యతో పాటు నేనూ వెళ్లాను. స్టేడియం మెట్ల కింద పొడుగాటి చల్లని గది. గోడ నిండా తెరలు. మధ్యలో వరసగా కుర్చీలు. విహారి గారు అక్కడ పెద్ద. మెత్తగా, వినబడీ వినబడనట్టు మాట్లాడతారు. ఆయన అయ్యకి నమస్కారం పెట్టి, తెర మీద పోయినేటి ఆట వేసి, "ఎల్లాజీ గారూ, మీకు ఎప్పుడు పిలవాలనిపిస్తే అప్పుడు పిలవండి," అన్నారు.

అయ్య ఆట మొత్తం చూశాడు. నోరు తెరవలేదు.

"ఏమైందండీ?"

"అయిపోయిన ఆటకి ఇప్పుడు పిలిస్తే ఎవులు పలుకుతారు బాబూ?"

గదిలో అందరూ నవ్వారు. విహారి గారు నవ్వలేదు. అప్ప వైపు తిరిగి, "అందుకే రికార్డింగు పనిచెయ్యలేదు. ఈయనది గొంతు కాదు, ముందుచూపు," అన్నారు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

అసలు ఆటలోనే కొలుద్దామని ఆ తరవాత నిర్ణయించారు.

మొదటి ఆట నాడు నేను అవతలి గట్టున, ఖరీదు కుర్చీలో కూర్చున్నాను, అప్ప ఇప్పించింది. చుట్టూ ఫోన్లు చూసుకునే వాళ్లే. ఉన్నట్టుండి నా వీపు వెనక పలక మెల్లగా ముందుకి వచ్చింది. వెనక నుంచి ఎవరో పెద్ద మనిషి నన్ను ఆనుకుని గుండె నిండా గాలి పీల్చుకున్నట్టుంది. నా ఊపిరి ఆగింది. పక్కావిడ ఫోను దించేసింది. అప్పుడు ఇసకమెట్టు మీంచి అయ్య పిలుపు వచ్చింది. "ఎవరి తాడో" అంటే ఏమిటో తెలియని జనం కూడా లేచి నిలబడి "మన తాడో" అన్నారు. పక్కావిడ చేతుల మీద రోమాలు లేచి ఉన్నాయి. ఆవిడ వాటిని చూసుకుని, "ఇదేంటండీ ఇది," అని నన్నడిగింది. మా అయ్య అని చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను.

ఆ సాయంత్రం అయ్య ఇంటికి వచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. "ఇసకదిబ్బ రోజులు వొచ్చీసినాయే," అన్నాడు అమ్మతో.

"అన్నం కూడా ఆ రోజుల్లోలాగే తింతన్నావు," అంది అమ్మ.

*

వానాకాలం వెళ్లాక ఒక ఆటలో అది జరిగింది. ఆ రోజు నేను ఇసకమెట్టు మీద అయ్య పక్కనే ఉన్నాను. మన వాళ్లు బంతి లాక్కోబోతున్నారు. అయ్య మెడ నరం లేచింది, నోరు తెరిచాడు. ఆయన గొంతు మైదానమంతా వినబడింది.

కానీ అది ఆయన నోట్లోంచి రాలేదు. కుర్చీల్లోంచి, స్తంభాల మీంచి వచ్చింది. అయ్య నోరు తెరిచే ఉంది, అందులో శబ్దం లేదు.

జనం బదులిచ్చారు. మెట్టు మీద మా వాళ్లందరూ ఇచ్చారు. నేనూ ఇచ్చాను. పిలుపు వచ్చాక ఊరుకోవడం మాకు చేతకాదు. పిలిచింది మరా, మనిషా అని అడగడం పేటలో ఎవరూ నేర్పలేదు.

"బావోయ్, నోరు మెదపకండానే పిలిసీసినావేటి? సిద్ధులు నేర్సుకున్నావా?" అన్నాడు దానయ్య మావ.

అయ్య నవ్వాడు. ఆట అయ్యేదాకా అలాగే జరిగింది. ప్రతిసారీ మర ఆయనకంటే రెప్పపాటు ముందుంది. ప్రతిసారీ సరిగ్గానే పిలిచింది. చివరికి అయ్య కూడా మిగతా వాళ్లతో కలిసి "మన తాడో" అన్నాడు.

అప్పని అడిగితే, "అయ్యకి గొంతు నెప్పి తగ్గుతాది కదా," అంది. "ఎప్పుడు పిలుస్తాడో అది నేర్సుకుంది. పిలిసేది అయ్యే, పని సేసేది మర."

మైదానం ప్రతి ఆటకీ నిండుతోంది. మా మెట్టు మీద తప్ప టిక్కెట్టు ఎక్కడా తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఇంత సందడి ఉన్నాక పెరగదా అన్నారు.

*

తీరం మీద పెద్దవల వేసిన పొద్దున నేను తాడు చివర నిలబడ్డాను. ఎండ ఇంకా ఎక్కలేదు. అయ్య నీళ్ల అంచున నిలబడి, ఎప్పట్లాగే అల మీద చూపు నిలిపాడు. పట్టీ కట్టుకోలేదు. తీరం మీద దాని పని లేదు.

నీరు వెనక్కి వెళ్లింది. ఆగింది. మేమందరం కాళ్లు ఇసకలో దిగేసి తాడు బిగించి చూస్తున్నాం.

పిలుపు రాలేదు. అల వచ్చి వెళ్లిపోయింది. తాడు మా అరచేతుల్లోంచి సర్రున జారింది. వెనక వరస ఆడవాళ్లిద్దరు బోర్లా పడ్డారు.

"ఏటి బావా, నిద్దరోతన్నావా?" దానయ్య మావ కేకేశాడు.

"కాదొరే. మళ్లీ పట్టండి."

మళ్లీ నీరు ఆగింది. నేను అయ్యనే చూస్తున్నాను. ఆయనకి క్షణం తెలిసింది. కళ్లలో తెలిసింది, మెడలో తెలిసింది. కానీ ఛాతీ పొంగలేదు. ఎవరో వచ్చి తన ఒంట్లోకి గాలి పోస్తారన్నట్టు, ఆయన ఆగి ఎదురు చూస్తున్నాడు. నోరు తెరిచి ఎదురు చూస్తున్నాడు.

అల పోయింది. దానయ్య మావ చేతులు చూసుకున్నాడు. తోలు లేచిపోయింది. ఆయన ఈసారి వెటకారం చెయ్యలేదు. తరవాతి అల ఆగేసరికి ఆయనే పిలిచాడు. పలచటి గొంతు, కాస్త ఆలస్యమైన పిలుపు. అయినా పిలుపే కదా. అందరూ "మన తాడో" అని లాగారు. అయ్య కూడా వచ్చి నా ముందు తాడు పట్టుకుని, బదులిచ్చి, లాగాడు.

ఆ రోజు నుంచి తీరం మీద దానయ్య మావే పిలుస్తున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. అనడం మా పద్ధతి కాదు. అయ్య ఇంట్లో మాట్లాడ్డం తగ్గించాడు. ఒకసారి వెనక పాకలోంచి బుసబుసమని శబ్దం వస్తే వెళ్లి చూశాను. గోడ వైపు తిరిగి, రెండు చేతులతో తన పక్కటెముకలు తనే నొక్కుకుంటున్నాడు, ఊపిరి లాగడానికి. నన్ను చూసి చేతులు దించేశాడు.

*

ఆదివారం రేవు జట్టు వేరే ఊళ్లో ఆడుతోంది. అయ్య ఇంట్లోనే పడుకున్నాడు. పట్టీ తాడు మీద ఆరుతోంది. వీధిలో టీ కొట్టు టీవీలో ఆట చప్పుడు వినబడుతోంది. నేను పట్టీ తీసి, కొక్కెం తుప్పు పట్టిందేమో చూసి, ఏమనిపించిందో ఏమో, నా ఒంటికి కట్టుకున్నాను.

కాసేపు ఏమీ లేదు. టీ కొట్టు టీవీలో అరుపులు పెరుగుతున్నాయి. అప్పుడు పట్టీ బిగిసింది. మెల్లగా, తెలిసిన చెయ్యి పట్టుకున్నట్టు, పక్కటెముకల కింద నొక్కి పైకి ఎత్తింది. నా ప్రమేయం లేకుండా గాలి గుండె నిండా దూరింది. నా నోరు తెరుచుకుంది. గట్టిగా మాట్లాడటం కూడా రాని నేను, వసారాలో ఒంటరిగా, కేకేసే మనిషిలా నోరు తెరుచుకుని నిలబడ్డాను. మరుక్షణం టీ కొట్టులోంచి అయ్య గొంతు వినబడింది. ఎక్కడో ఇంకో ఊళ్లో, ఆయన లేని మైదానంలో, అక్కడి స్తంభాల మీంచి పిలుస్తోంది.

నేను పట్టీ విప్పేశాను. కొక్కెం వెంటనే ఊడలేదు.

అది వినడం కాదు.

*

మర్నాడు పొద్దున్నే మైదానంలోంచి సుత్తుల చప్పుడు మొదలైంది. ఇసకమెట్టు కుర్చీలు పీకుతున్నారు. అక్కడ అద్దాల గదులు కడతారట, ఏసీతో, భోజనాలతో. పేట వాళ్లకి పాత ధరకి ఇచ్చిన పాసులు ఇక చెల్లవని దానయ్య మావ చెప్పి వెళ్లాడు. జనం బదులు కూడా మర నేర్చేసుకుంది కదా, ఇంక మనమెందుకని అన్నాడు.

మధ్యాహ్నం మైకులు సరిచూస్తున్నట్టున్నారు. ఖాళీ మైదానంలోంచి అయ్య గొంతు పేటంతా మోగింది. "ఎవరి తాడో."

"మన తాడో," అంది అమ్మ, రొయ్యలు వలుస్తూ, అలవాటుగా. అని, నోరు మూసుకుంది. అయ్య వల బాగుచేస్తున్న వాడు తలెత్తి అమ్మని చూశాడు, మళ్లీ ముడి వేసుకున్నాడు.

అప్ప వచ్చేసరికి మేం ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం. అయ్య పక్కన కూర్చుంది. సుత్తుల సంగతి ఎత్తలేదు. నేనే అడిగాను.

"అప్పా, ఆ పట్టీ ఇంటాదని సెప్పినావు కదా. మరి నన్నెందుకు నొక్కింది?"

"నువ్వెందుకు కట్టుకున్నావే?"

"ఎందుకు నొక్కింది?"

అప్ప నా మొహం చూసి, అయ్య మొహం చూసి, చూపు నేల మీదకి దించింది. మెల్లగా చెప్పింది. అయ్య ఊపిరి విన్నాక పంపితే కుర్చీలకి చేరేసరికి ఆలస్యం అవుతుంది. ఆ కాస్త ఆలస్యానికే జలదరింపు చచ్చిపోతుంది. అందుకని మరే ముందు ఊపిరి తీసి, అయ్య చేత కూడా తీయించాలి. ఇద్దరి ఊపిరీ ఒకటయ్యేదాకా నొక్కాలి. తరవాత ఒంటికి అదే అలవాటైపోతుంది. బయట నుంచి నొక్కితే తప్ప ఆ ఊపిరి లేవదు.

"ఇది నీకు ముందే తెలుసా?" అన్నాను.

"కొన్నాళ్లకి అలవాటు పోతాదని విహారి గారు అన్నారు."

"తెలుసా?"

"తెలుసు. సెప్తే అయ్య కట్టుకోడు."

అమ్మ చేతిలో రొయ్య అలాగే ఉండిపోయింది. "ఓలమ్మా," అంది, అంతే.

అయ్య వల పక్కన పెట్టాడు. గొంతులో కోపం లేదు. "ఇనడమేనా అని నానడిగినాను కదే."

"అడిగినావు."

"నువ్వేటన్నావు?"

"ఇనడమే అన్నాను."

ఆయన తలాడించాడు. లెక్క సరిపోయిందన్నట్టు.

అప్ప గబగబా లేచింది. "అయ్యా, ఇనుకో. దాన్ని ఎనక్కి తిప్పొచ్చు. ఇంకొక్క ఆట కట్టుకుంటే సాలు, మెల్లగా ఒదులు సేసుకుంటూ పోతే నీ ఊపిరి నీకు వొచ్చీస్తాది. కొత్త గదులు తెరిసే రోజు ఆట. ఆ ఒక్కటే."

"ఎవులు సెప్పినారు?"

"విహారి గారు."

"నువ్వేటంతావు?"

అప్ప తాడు మీంచి పట్టీ తీసి, మళ్లీ కూర్చుని ఒడిలో పెట్టుకుంది. అది ఆరిపోయి ఉంది, సాపుగా ఉంది. మొదటి రోజులాగే అరచేత్తో మళ్లీ సాపు చేసింది. మళ్లీ చేసింది.

"వొస్తాదయ్యా," అంది.

నేను దాని చేతిని చూశాను. తలెత్తితే అయ్య కూడా ఆ చేతినే చూస్తున్నాడు.

ఆయన లేచాడు. కొయ్యకి ఉన్న తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు.

"అయ్యా," అంది అప్ప.

సుత్తుల చప్పుడు కాసేపు ఆగింది. అమ్మ, నేను, ఇద్దరం ఆయన నోటినే చూస్తున్నాం. ఆ ఒక్క అక్షరం కోసం. కోపం వచ్చినా, జ్వరం వచ్చినా, పిల్లలు పిలిస్తే ఆయన అనకుండా ఉండని ఆ "ఓ" కోసం.

"అయ్యా," అప్ప గొంతు పెరిగింది. "అయ్యా, పలుకు."

పక్కటెముకలు కదలలేదు. ఆయన గుమ్మం దగ్గర చెప్పుల కోసం కూడా ఆగకుండా మెట్టు దిగి, ఎండలో కాలుతున్న ఇసకలోకి నడిచి వెళ్లిపోయాడు.